తాకట్టు కొట్టునుండి: జనరల్ విలియం బూత్ జీవితము

సూరత్ నగరమునకు దక్షిణమున పాండేసర అను పారిశ్రామిక వాడ కలదు. రంగుల అద్దకపు మిల్లులు రేయింబవళ్లు నడుచు ఆ ప్రాంతమునకు ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహారు రాష్ట్రములనుండియు, మన తెలుగు జిల్లాలనుండియు శ్రామికులు పొట్ట చేతబట్టుకొని వచ్చి కాపురమున్నారు. సూరత్‌లో మిల్లుల యొద్ద మిగిలిన తుండుగుడ్డలను మీటరు లెక్కను గాక కిలో లెక్కను తూచి అమ్ముట వాడుక. అమెరికాలో సైతము పాత బట్టలను పెద్ద తొట్లలో పోసి, కొనువారు ఏరుకొనిన పిమ్మట పౌనుల లెక్కను తూచి వెల కట్టు ధర్మసంస్థల అంగళ్లు నేడు అనేకములు కలవు. ఒకరు పారవేసినదానిని ప్రోగుచేసి, బాగుచేసి, పేదవాడు చెల్లింపగల వెలకు అందించు ఈ పద్ధతికి మార్గదర్శకులలో ఒకడు రక్షణ సైన్య స్థాపకుడైన విలియం బూత్.

ఆయన 1829 ఏప్రిల్ 10వ తేదీన ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో జన్మించెను. తండ్రి శామ్యూల్ ధనాశగలవాడు. గడించినది గడించినట్లే పోగొట్టుకొనెను. విలియంకు పదమూడేండ్లు వచ్చుసరికి చదువు మాన్పించి తాకట్టు వ్యాపారి యొద్ద పనికి కుదిర్చిరి. మరు సంవత్సరము రాకముందే తండ్రి మరణించెను.

ఆ కొట్టులో ఆ బాలుడు చూచినది మరి యే పాఠశాలయు నేర్పజాలదు. ఆ కాలమున కూలివారి స్త్రీలు సోమవారమున భర్త ఆదివారపు కోటును మూటగట్టి తెచ్చి కుదువబెట్టుదురు; శనివారము కూలి చేతికందగానే విడిపించుకొని పోవుదురు. మరల సోమవారము అదే కోటు. ఆరు దినములు తాకట్టులో నుండు బట్టకు వడ్డీ కట్టి ఏడవ దినమున తొడుగుకొనువాని బ్రదుకెట్టిదో గుమస్తాకు తెలియనిది కాదు. బూత్ ఆ వృత్తిని అసహ్యించుకొనెను. పెద్దవాడైన పిమ్మట దానిని గూర్చి మాటలాడుటకైనను ఇష్టపడలేదు. అయినను పేదవాని బట్టకు వెల యుండునని ఆయన నేర్చినది అచ్చటనే.

1844లో ఆయన మారుమనస్సు పొందెను. అందులోను ఒక చిన్న బేరము అడ్డు నిలిచెను. తోటి బాలురకు మేలు చేసినట్లు కనబడుచు ఆయన లోలోపల లాభము తీసికొనియుండెను. అది యెరుగని ఆ స్నేహితులు కృతజ్ఞతతో వెండి పెన్సిలు పెట్టె నొకదానిని బహుమానముగా నిచ్చిరి. ఆ పెట్టె ఆయన జేబులో నిప్పు కణికవలె నుండెను. దానిని తిరిగి యిచ్చుట సులభమే. మోసము చేసితినని నోట ఒప్పుకొనుట దుర్భరము. కడకు ఆ స్నేహితుని వెదకి, ఒప్పుకొని, పెట్టెను చేతిలో పెట్టెను. హృదయభారము ఆ గడియనే తొలగెను. వెండి పెట్టె పరిమాణము చిన్నదే గాని, లెక్కలలో శుద్ధత్వమునకు ఆయన తరువాత ఇచ్చిన ప్రాధాన్యము ఈ దినముననే మొదలయ్యెననుట తప్పుగాదు.

మురికివాడల పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి మందిరములో ముందు వరుసలలో కూర్చుండబెట్టగా, ఇకమీదట వారిని వెనుక ద్వారమున తేవలెనని పెద్దలు నియమించిరి. 1849లో లండను చేరినను కడుపుకూటికి మరల తాకట్టు కొట్టే గతియయ్యెను. 1855లో కాథరిన్ మమ్‌ఫర్డ్‌ను వివాహమాడెను. ఆమె భార్య మాత్రమే గాదు, ఆయనతో సమానముగా ప్రసంగించిన దైవజనురాలు. 1861లో మెథడిస్టు శాఖ పదవిని వదలి, 1865లో తూర్పు లండనులో పాత శ్మశానవాటికపై వేసిన గుడారమున సువార్త మొదలుపెట్టిరి. ఆ సేవ 1878లో రక్షణ సైన్యమను పేరు దాల్చెను.

నాలుగేండ్లకే, 1882 సెప్టెంబరులో, ఫ్రెడరిక్ టక్కర్ నలుగురి బృందముతో బొంబాయిలో దిగెను. సివిల్ సర్వీసు ఉద్యోగమును విడిచిన ఆ ఆంగ్లేయుడు కాషాయవస్త్రము ధరించి, ఫకీర్ సింగు అను పేరు పెట్టుకొని గుజరాతు గ్రామములలో కాలినడకన తిరిగెను. తరువాత బూత్ కుమార్తె ఎమ్మాను వివాహమాడి బూత్-టక్కర్ అయ్యెను.

1890 అక్టోబరు 4న కాథరిన్ కాన్సరు వ్యాధితో మరణించెను. ఆమె మంచము ప్రక్కన కూర్చుండి సిద్ధపరచిన గ్రంథము ఆ నెలలోనే వెలువడెను. లండనులో బండి గుఱ్ఱమునకు మేత, నీడ, పని దొరకుచుండగా మనుష్యునికి అవి దొరకవేమని అందులో ఆయన ప్రశ్న. ప్రతి ఇంట ఒక సంచి గాని తొట్టి గాని ఉంచి, పాత బట్టలు, చెప్పులు, సీసాలు, కాగితములు, మిగిలిన ఆహారము క్రమముగా సేకరింపవలెననియు, పని లేనివారే వాటిని ఏరి బాగుచేయవలెననియు ఆయన ఏర్పాటు. అయిదువేలమందిని పోషించిన పిమ్మట మిగిలిన ముక్కలను గంపల కెత్తించిన ప్రభువు శిష్యునికి ఇది వింతయైన ఆలోచన కాదు.

వస్తువులను ఊరక పంచిపెట్టరాదా? బూత్ దీనికి ఒప్పుకొనలేదు. సత్తువగలవాడు కూటికి బదులు పని చేయవలెను, లేదా స్వల్ప వెల చెల్లింపవలెను. ఊరక పెట్టిన ముద్ద పేదవాని తలను వంచునని ఆయన నమ్మకము. ఇందులో ప్రమాదము లేకపోలేదు. ధనికుడు విసర్జించినదానికి దరిద్రుని యొద్ద వెల తీసికొనుట ఏమి ధర్మమని అడుగువారు అన్ని కాలములలోను ఉందురు. అయితే తాకట్టు కొట్టు బల్ల వెనుక నిలిచినవానికి ఒక సంగతి తెలియును: కోటు విడిపించుకొని పోవు స్త్రీ నడకకును, చేయి చాచిన స్త్రీ నడకకును భేదమున్నది.

శాస్త్రజ్ఞుడైన హక్స్‌లీ టైమ్స్ పత్రికలో వరుసగా లేఖలు వ్రాసి ఆయనను నిరంకుశుడని విమర్శించెను. 1892లో విచారణ సంఘము లెక్కలు పరిశీలించి, ధనము దుర్వినియోగము కాలేదని తేల్చెను. నిరంకుశత్వమను నింద మాత్రము పూర్తిగా అబద్ధము కాదు. జనరల్ ఆజ్ఞకు ఇంటిలోను ఎదురులేదు. 1896లో కుమారుడు బాలింగ్టన్ విడిపోయెను, తరువాత మరికొందరు బిడ్డలును. ఆ గాయము మానలేదు.

ఆ కుమారుని స్థానమునకు అమెరికా వెళ్లినవాడు గుజరాతులో నడచిన బూత్-టక్కరే. 1897లో న్యూయార్కులో నిరాశ్రయుల వసతిగృహపు నేలమాళిగనుండి సేకరణ పని మొదలయ్యెను. ఆశ్రయము పొందినవారే తోపుడు బండ్లతో ఇంటింటికి పోయి పాత బట్టలు తెచ్చి, బాగుచేసి అమ్మిరి. 1902లో బోస్టనులో మెథడిస్టు బోధకుడు ఎడ్గార్ హెల్మ్స్ అట్టి పనినే వేరుగా ఆరంభించెను. నేటి తూకపు అంగళ్లలో ప్రసిద్ధమైనవి ఆయన స్థాపించిన గుడ్‌విల్ సంస్థవి. మన దేశమున బాపట్ల సమీపమున 1913లో ఏర్పడిన స్టూవర్టుపురము సెటిల్‌మెంటు నిర్వహణ రక్షణ సైన్యమునకే అప్పగింపబడెను. దానిని చూచుటకు బూత్ బ్రదికి యుండలేదు.

కన్నులు పూర్తిగా పోయిన ఆయన 1912 ఆగస్టు 20న నిద్రించెను. ఒలింపియా భవనమున జరిగిన ఆరాధనకు వేలాది జనులు వచ్చిరి. మేరీ రాణి ముందుగా తెలియజేయకుండ వచ్చి, సామాన్యజనుల మధ్య ఒక వరుసలో కూర్చుండెను. ఆమె ప్రక్కన కూర్చున్నది పేద బట్టలు ధరించిన ఒక స్త్రీయని చెప్పుదురు.