మెతుకు పట్టి చూసిన గాలప్

డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూకి వెళ్తే శాంప్లింగ్ బయాస్ అంటే ఏంటని మిమ్మల్ని అడిగే అవకాశం బాగానే ఉంది. డెఫినిషన్ బట్టీ కొట్టి అప్పజెప్పే బదులు జార్జ్ గాలప్ కథ చెప్పి చూడండి.

ఈయన 1901లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, జెఫర్సన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. హైస్కూల్లో ఉండగా ఇంటింటికీ పాలు పోసి, ఆ డబ్బుతో స్కూల్ పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రికల పిచ్చే చివరికి పీహెచ్‌డీ టాపిక్ అయింది. పేపర్‌లో ఏం చదువుతారని అడిగితే జనం గొప్పగా సంపాదకీయం అంటారు కదా! గాలప్ మాత్రం పేపర్ పట్టుకుని పక్కన కూర్చుని, పేజీ పేజీ తిప్పుతూ ఇది చదివారా, అది చదివారా అని అడిగారు. చాలామంది చదివేది కామిక్స్ అని తేలింది. మనిషి చెప్పేదానికీ చేసేదానికీ తేడా ఉంటుందని 1928 నాటికే ఆయనకు అర్థమైపోయింది.

కొన్నాళ్లు పాఠాలు చెప్పి, 1932లో న్యూయార్క్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో రీసెర్చ్ ఉద్యోగంలో చేరారు. 1935లో ప్రిన్స్‌టన్‌లో సొంతంగా ప్రజాభిప్రాయ సంస్థ పెట్టారు. అవి మహామాంద్యం రోజులు. దేశం సరైన దారిలో వెళ్తోందా లేదా అన్నదే అందరి బుర్రల్లో ఉన్న ప్రశ్న. ఆయన మొదటి పోల్ కూడా అదే అడిగింది: పేదల సాయానికి, ఆర్థిక పునరుద్ధరణకు ప్రభుత్వం పెడుతున్న ఖర్చు ఎక్కువా, తక్కువా, సరిపోయిందా? ఎక్కువే అన్నవాళ్లు 60 శాతం.

అసలు పరీక్ష 1936లో వచ్చింది. రూజ్‌వెల్ట్, లాండన్ మధ్య అధ్యక్ష ఎన్నిక. లిటరరీ డైజెస్ట్ అనే పేరున్న పత్రిక కోటి మందికి బ్యాలెట్ కార్డులు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్‌దే గెలుపని లెక్క తేల్చింది. గాలప్ దాదాపు 50 వేల మందిని అడిగి రూజ్‌వెల్ట్ అన్నారు. అంతటితో ఆగలేదు. డైజెస్ట్ పోల్ ఏం చెబుతుందో, అది ఎందుకు తప్పో కూడా ముందే ప్రకటించారు. తన అంచనా డైజెస్ట్ కన్నా తప్పైతే, తన కాలమ్ కొన్న పత్రికలకు డబ్బు వాపస్ ఇస్తానని మాటిచ్చారు. అంటే మొత్తం సంస్థనే పణంగా పెట్టారన్నమాట. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. రెండేళ్లకు డైజెస్ట్ మూతపడింది.

డైజెస్ట్ చేసిన తప్పేంటి? ఫోన్ డైరెక్టరీలు, కారు రిజిస్ట్రేషన్ల నుంచి అడ్రస్‌లు తీసుకుంది. మాంద్యంలో ఫోనూ కారూ ఎవరికుంటాయి? పైగా పనిగట్టుకుని కార్డు తిప్పి పంపేవాళ్లే లెక్కలోకొచ్చారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం, నిజమే. కానీ పప్పుచారు రుచి చూడాలంటే గరిటెతో అడుగు నుంచి కలపాలి. పైపైన తీస్తే నీళ్లే వస్తాయి. (ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి నేను ఆన్‌లైన్ ఫామ్‌ని హాస్టల్ వాట్సాప్ గ్రూప్‌లో పడేసి, దానికి విద్యార్థుల అభిప్రాయం అని పేరు పెట్టాను. డైజెస్ట్‌ని చూసి నవ్వే హక్కు నాకు లేదు.)

నాకు 1936 కన్నా 1948 గాలప్ ఎక్కువ నచ్చుతారు. ఆ ఏడాది ట్రూమన్ మీద డ్యూయీ గెలుస్తాడని చెప్పి, పోలింగ్‌కి చాలా ముందే సర్వేలు ఆపేశారు. ట్రూమన్ గెలిచారు. దేశమంతా నవ్వింది. చివరి రోజుల్లో జనం మనసు మారడం ఒక కారణం. కోటా పద్ధతి ఇంకోటి. ఇంతమంది మగవాళ్లు, ఇంతమంది ఆడవాళ్లు అని లెక్క చెబితే, అందులో ఎవరిని అడగాలో ఇంటర్వ్యూయరే ఎంచుకునేవాడు. సహజంగానే మాట్లాడటానికి తేలిగ్గా దొరికేవాళ్ల దగ్గరికే వెళ్లేవాడు. గాలప్ దుకాణం కట్టేయలేదు. లాటరీలా ఎంపిక చేసే ప్రాబబిలిటీ శాంప్లింగ్‌కి మారారు. చివరి వారం దాకా సర్వేలు కొనసాగించారు.

దేశంలో పరిస్థితులు సాగుతున్న తీరుతో మీకు సంతృప్తేనా అనే ప్రశ్నను ఆయన సంస్థ 1979లో మొదలుపెట్టింది. గాలప్ 1984లో స్విట్జర్లాండ్‌లో కన్నుమూశారు. 2016 అధ్యక్ష ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో చెప్పే పోల్‌ను ఆ సంస్థ చేయలేదు. సంతృప్తి ప్రశ్నను మాత్రం అప్పుడూ అడుగుతూనే ఉంది.