కార్డినల్ మానింగ్

హెన్రీ ఎడ్వర్డు మానింగ్ 1808వ సంవత్సరము జూలై 15వ తేదీన ఇంగ్లండులోని టాటరిడ్జి గ్రామమున జన్మించెను. తండ్రి విలియం మానింగ్ పడమటి ఇండియా దీవుల చక్కెర వర్తకుడు, పార్లమెంటు సభ్యుడు. కొంతకాలము బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండునకు గవర్నరు. ఆ చక్కెర బానిసల చెమటతో పండినదే. కుమారుడు ఆక్సుఫర్డులో చదివి, 1830లో మొదటి తరగతిలో ఉత్తీర్ణుడై, రాజకీయములలో ప్రవేశింప నువ్విళ్లూరుచుండగా తండ్రి దివాలా తీసెను. దేశమేదైనను లక్ష్మి నిలుకడ ఒక్కటే.

కొన్నాళ్లు వలసరాజ్యముల కచేరీలో గుమాస్తాగా నుండి, పిమ్మట ఆంగ్లికను సభలో గురువై, ససెక్సు మండలమునందలి లావింగ్టను అను పల్లెకు చేరెను. 1833లో ఆ పల్లె గురువుగారి కుమార్తె కరోలైనును వివాహమాడెను. నాలుగేండ్లు నిండకుండనే ఆమె క్షయవ్యాధితో మరణించెను. సంతానము లేదు. ఆయన మరల పెండ్లి తలపెట్టలేదు.

1840లో చిచెస్టరు మండలమునకు ఆర్చిడీకనయ్యెను. బిషప్పు పదవి చేరువలోనే యున్నదని యెల్లరును తలంచుచుండిరి. అట్టి తరుణమున, 1850లో, జ్ఞానస్నానమును గూర్చిన యొక వివాదమున బిషప్పు చేసిన నిర్ణయమును ప్రీవీకౌన్సిలు కొట్టివేసెను. ధర్మనిర్ణయము ప్రభుత్వ న్యాయసభ చేతిలోనిదైనచో అది యేమి ధర్మమని మానింగ్ తర్కించుకొని, 1851 ఏప్రిలు 6వ తేదీన పదవిని, స్నేహితులను విడిచి రోమను కాథలిక్కు మతమున జేరెను. నాటి ఇంగ్లండులో కాథలిక్కులన్న పెద్దలకు చిన్నచూపు. వారిలో పెక్కుమంది కూటికి లేని ఐరిషు కూలీలు. 1865లో పోపు తొమ్మిదవ పయస్, స్థానిక గురువులు పంపిన పేర్లను త్రోసిపుచ్చి, ఈయననే వెస్టుమినిస్టరు ఆర్చిబిషప్పుగా నియమించెను. 1875లో కార్డినల్ పదవి లభించెను.

ఈయన యందు దోషములు లేకపోలేదు. పట్టుదల హెచ్చు. తనవలెనే మతము మారిన మహాపండితుడు న్యూమనును శంకించి, ఆక్సుఫర్డులో ఆయన పనిచేయుటకు అడ్డుపడెను. అందుకు బదులుగా కెన్సింగ్టనులో తాను నెలకొల్పిన కళాశాల అప్పులపాలై కొలది యేండ్లకే మూతపడెను. కాని బీదల విషయమున లెక్క తప్పలేదు. ప్రధాన దేవాలయమునకు స్థలము మాత్రము కొనియుంచి, ముందు బీదపిల్లలకు బడులు కావలెనని ధనమటు మరల్చెను. దేవాలయ నిర్మాణము ఆయన పోయిన పిమ్మట 1895లో గాని ఆరంభము కాలేదు.

1889 ఆగస్టులో లండను రేవు కూలీలు సమ్మెకట్టిరి. గంటకు అయిదు పెన్నీల కూలిని ఆరు చేయుమనుటయే ముఖ్యమైన కోరిక. రేవు స్తంభించెను, ఇండ్లలో పొయ్యి రాజలేదు. ఆస్ట్రేలియా కార్మికులు, ప్రజలు సుమారు 30,000 పౌనులు పంపుటచే కూలీలు నిలువగలిగిరి. ఎనుబదియొక్క యేండ్ల మానింగ్ బక్కచిక్కిన దేహముతో రేవు కంపెనీల డైరెక్టర్ల యొద్దకు స్వయముగా పోయెను. ఆరు పెన్నీలకు వారొప్పుకొనిరి గాని, మరుసటి జనవరి నుండి యనిరి. కూలీలు అక్టోబరు 1 నుండి యనిరి. లండను బిషప్పు విసిగి తప్పుకొనెను. గ్రామములో గట్టు తగవు తీర్చినవారికి తెలియును: పెద్దమాట కుదిరిన పిమ్మట చిన్నమాటయొద్దనే పంచాయతీ చెడును. సెప్టెంబరు 10న పోప్లారులోని యొక బడిలో సమ్మె నాయకుల నడుమ కూర్చుండి, గంటల తరబడి నచ్చజెప్పి, నవంబరు 4వ తేదీకి వారి నొప్పించెను. కొలది దినములలో ఒడంబడిక జరిగెను. చక్కెర ఓడల వర్తకుని కుమారుడు ఆ ఓడలు దింపు కూలీల పక్షమున నిలిచినవాడయ్యెను.

1892 జనవరి 14న ఆయన మరణించెను. శవయాత్ర సాగిన వీథులలో బీదజనము క్రిక్కిరిసి నిలిచిరి. అర్ధశతాబ్దికి పైగా తన యొద్ద దాచుకొన్న, భార్య స్వహస్తముతో వ్రాసికొన్న ప్రార్థనల పుస్తకమును, తుదిదినములలో తన తరువాత పీఠమెక్కిన హెర్బర్టు వాన్‌కు అప్పగించెనని చెప్పుదురు.