శని దగ్గర నీళ్లు గడ్డకడితే? హైగెన్స్ ప్రశ్న

ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో హైగెన్స్ సూత్రం చదివే ఉంటారు. తరంగాల బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకుని వదిలేసిన పేరది. అదే పేరున్న యంత్రం శని ఉపగ్రహం మీద దిగిందని తెలుసా?

క్రిస్టియాన్ హైగెన్స్ 1629లో నెదర్లాండ్స్‌లోని ది హేగ్‌లో పుట్టారు. తండ్రి దౌత్యవేత్త. కొడుకూ తన దారిలోనే నడవాలని లా చదివించారు. ఈయన మనసేమో లెక్కల మీద, ఆకాశం మీద. మంచి టెలిస్కోపు కావాలంటే మంచి కటకం కావాలి కదా! అందుకే అన్నతో కలిసి గాజు అరగదీయడం నేర్చుకున్నారు. 1655 మార్చి 25న శని పక్కన ఓ చుక్క కనిపించింది. వరుసగా గమనిస్తే, అది సుమారు 16 రోజులకోసారి శనిని చుట్టొస్తోందని తేలింది. అదే టైటాన్. అప్పటికి ఆయనకు 25 ఏళ్లే. మరుసటి ఏడాది లోలకం గడియారం తయారుచేశారు. 1659లో శని చుట్టూ ఉన్నది వలయమని వివరించారు.

1666లో ప్యారిస్ సైన్స్ అకాడమీలో చేరారు. ఆరోగ్యం దెబ్బతిని 1681లో ఇంటికొచ్చేశారు. చివరి రోజుల్లో, ఒకప్పుడు తనతో కటకాలు అరగదీసిన అన్ననే ఉద్దేశించి 'కాస్మోథియోరోస్' అనే పుస్తకం రాశారు. ఇతర గ్రహాల మీద జీవం ఉంటే దానికి నీరు కావాలి. కానీ మన నీళ్లు శని దగ్గర గడ్డకట్టేస్తాయి. కాబట్టి అక్కడి చలికి తట్టుకునే వేరే రకం 'నీరు' ఉండాలన్నది ఆయన వాదన. చేతిలో ఆధారం లేదు, ఊహే. గ్రహవాసుల గురించి ఆయన అనుకున్నవేవీ నిజమని తేలలేదు కూడా. 1695లో కన్నుమూశారు. పుస్తకం 1698లో గానీ అచ్చవలేదు.

మూడు శతాబ్దాల తర్వాత, టైటాన్‌కు 'హైగెన్స్' ల్యాండర్‌ను డిజైన్ చేసిన యూరప్ ఇంజినీర్లకూ దాదాపు అదే చిక్కు. కింద ఉన్నది గట్టి నేలా, ద్రవమా? దట్టమైన పొగమంచు వల్ల ఏమీ కనబడదు. అందుకే ఎందులో దిగినా కొలతలు తీసుకునేలా పరికరాలు అమర్చారు. 2005 జనవరి 14న అది నేల మీదే దిగింది. అయితే టైటాన్ ధ్రువాల దగ్గర మీథేన్, ఈథేన్ సరస్సులున్నాయని తర్వాత కాసినీ నౌక రాడార్ చూపించింది. అక్కడ చలి సుమారు మైనస్ 180 డిగ్రీలు!

ఇప్పుడు నాసా 2028లో 'డ్రాగన్‌ఫ్లై' అనే డ్రోన్‌ను టైటాన్‌కు పంపేందుకు సిద్ధమవుతోంది. జీవానికి ముందు జరిగే రసాయన చర్యలేమిటో అది వెతుకుతుంది.

ఇలాంటి మిషన్లలో పనిచేయాలని ఉందా? ఏ బ్రాంచి వాళ్లకైనా చోటుంది. కాకపోతే సెన్సర్ ఎంచుకునే ముందు, దేన్ని వెతుకుతున్నామో, అది అక్కడ ఏ రూపంలో ఉండొచ్చో కాగితం మీద రాసుకోండి. హైగెన్స్ మొదలుపెట్టింది అక్కడే.