లూయీ పాశ్చరును ఈస్టుకణమును

లూయీ పాశ్చరు పేరు వినినంతనే మనవారికి పిచ్చికుక్కకాటునకు వేయు టీకా జ్ఞప్తికి వచ్చును. 1907వ సంవత్సరమున కూనూరునందు స్థాపింపబడిన పరిశోధనాలయము ఆయన నామమునే ధరించి యా కీర్తిని దక్షిణదేశమున వ్యాపింపజేసినది. ఆ కథ పాఠ్యపుస్తకములందు గలదు గావున మేము దానిని విడిచి, ఆ మహాశయుడు ఇరువదియేండ్లకు పైగా వెంటాడిన యొక యల్పజీవిని గూర్చి వ్రాయబూనితిమి. దాని పేరు ఈస్టు. తాటికల్లు ముంతలో నురుగులు గ్రక్కుటకును, రొట్టెపిండి యుబ్బుటకును అదియే కారణము. ఒక్కొక్క ఈస్టు ఒక్క కణము మాత్రమే. సూక్ష్మదర్శని లేనిదే కంటికానదు.

పాశ్చరు 1822 డిసెంబరు 27వ తేదీన ఫ్రాన్సుదేశమునందలి డోల్ అను పట్టణమున జన్మించెను. తండ్రి నెపోలియను సేనలో సార్జెంటుగా నుండి, పిమ్మట తోళ్లు పదును చేయుచు జీవించినవాడు. బాల్యము ద్రాక్షతోటలకు పేరుపొందిన అర్బువా గ్రామమున గడచినది. 1843లో పారిసునందలి ఎకోల్ నార్మాల్ కళాశాలయందు చేరి రసాయనశాస్త్ర మభ్యసించెను. 1849లో మేరీ లోరాను అను నామెను వివాహమాడెను. భర్త చెప్పుచుండగా శాస్త్రవ్యాసములను తన చేతితో వ్రాసిపెట్టిన యా యిల్లాలిని ఆయన చరిత్ర వ్రాయువా రెవ్వరును మరువరాదని మా యభిప్రాయము.

1854లో ఆయన లిల్ నగరపు విజ్ఞానకళాశాల కధ్యక్షు డయ్యెను. ఆ ప్రాంతమున బీటుదుంపల రసమును పులియబెట్టి సారాయము తీయు కర్మాగారములు మెండు. 1856లో బిగో యను వర్తకుడు తన తొట్లలోని రసము కొన్నిట పాడగుచున్నదని మొరపెట్టుకొనెను. అతని కుమారుడు పాశ్చరునకు శిష్యుడు. పాశ్చరు ఆ కర్మాగారమునకు పోయి, నురుగుచుక్కలు తెచ్చి సూక్ష్మదర్శనిక్రింద పెట్టి చూచెను. సరిగా పులిసిన రసమున ఈస్టుకణములు గుండ్రముగా నుండెను. చెడిన రసమున అంతకన్న మిక్కిలి చిన్నవైన వేరు జీవులు కానవచ్చెను. మరుసటి సంవత్సరము పాలు పులియుటను గూర్చి ఆయన ప్రకటించిన వ్యాసమునకు బీజ మిక్కడనే పడినది.

ఈస్టు సజీవమని 1837 ప్రాంతముననే కాన్యార్ ద లాతూర్, ష్వాన్ మొదలగువారు చెప్పియుండిరి. కాని జర్మనీదేశపు రసాయనశాస్త్రజ్ఞుడైన లీబిగు వారిని పరిహసించెను. ఈస్టులోని పదార్థము కుళ్లునపుడు పుట్టు కదలికయే చక్కెరను విరుగగొట్టుననియు, జీవమునకు దీనితో పనిలేదనియు ఆయన మతము. లీబిగు మాటకు ఎదురాడు సాహసము నాడు కొందరికే కలదు.

పాశ్చరు వాదమున కంటె ప్రయోగమును నమ్మినవాడు. శుద్ధమైన చక్కెరనీటిలో అమ్మోనియా లవణమును, ఈస్టును కాల్చిన బూడిదను కలిపి, గుండుసూది తలయంత ఈస్టు వేసెను. అందు కుళ్లుటకు పదార్థమే లేదు. అయినను ఈస్టు మొలకలెత్తి పెరిగెను; చక్కెర సారాయముగా మారెను. 1860లో ఈ సంగతి విపులముగా ప్రకటించెను. లీబిగు తనకట్లు కాలేదనెను. 1870లో పాశ్చరు మ్యూనికు నగరమునకు పోయి ఆయనను దర్శింపగా, వృద్ధుడు మర్యాదతో నాదరించెనే గాని అస్వస్థతచే చర్చకు దిగడయ్యెను. తరువాత తన ప్రయోగమును నిపుణులయెదుట చేసి చూపెదనని పాశ్చరు ఆహ్వానించెను. దానికి బదులు రాకయే 1873లో లీబిగు కాలధర్మము నొందెను.

మాకు అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది 1861 నాటి పరిశీలన. గాలి లేని చోట ఒక పాలు ఈస్టు పెరుగుటకు 60 మొదలు 80 పాళ్ల చక్కెర ఖర్చగుచుండెను. గాలి ధారాళముగా తగులు చోట 4 మొదలు 10 పాళ్లే చాలుచుండెను. ఈస్టు మాత్రము త్వరత్వరగా వృద్ధిపొందుచుండెను. అనగా ఒకే కణము, ప్రాణవాయువున్నప్పుడు ఒకరీతిని, లేనప్పుడు వేరొకరీతిని బ్రతుకుచున్నది. తన చుట్టునున్న స్థితిని గ్రహించి యది తన పెరుగుదలను ఎట్లు మార్చుకొనుచున్నదన్న ప్రశ్నకు నాడు సమాధానము లేకుండెను.

ఈ నడుమ గృహమున దుఃఖములు మూగినవి. 1859లో పెద్దకూతురు జీను సన్నిపాతజ్వరముచే మరణించెను. 1865, 1866 సంవత్సరములలో మరి యిద్దరు కూతుండ్రు పోయిరి. 1868లో ఆయనకు పక్షవాతము వచ్చి ఎడమచేయి, ఎడమకాలు పట్టుదప్పెను. ప్రయోగములు శిష్యుల చేతులతో జరుగుచుండెను గాని ఆగలేదు.

1878లో మరియొక చిక్కు వచ్చిపడినది. ఆయన మిత్రుడైన క్లోడ్ బెర్నారు ఫిబ్రవరిలో మరణించెను. ఈస్టు లేకయే ద్రాక్షరసము పులియగలదని సూచించు బెర్నారు గారి చిత్తుకాగితములను బెర్తెలో పండితుడు వేసవిలో అచ్చువేయించెను. చనిపోయిన స్నేహితునితో వాదించుట యెట్లు? పాశ్చరు పెద్ద అద్దపు పందిళ్లు చేయించి, అర్బువా తోటలో కాయలింకను పచ్చిగా నుండగనే కొన్ని తీగలపై కప్పించెను. కొన్ని గుత్తులకు దూదిచుట్టెను. పండ్లపై ఈస్టు ఇంకను చేరని సమయమది. శరత్కాలమున పండిన పిదప పిండి చూడగా, పందిటిక్రింది పండ్ల రసము పులియలేదు. బయటి పండ్ల రసము పులిసిపొంగెను. మరుసటి సంవత్సరము ఈ విషయమై ఒక గ్రంథమే ప్రకటించెను. స్నేహితుని కీర్తికి భంగము కలిగించితినను బాధ ఆయనకు లేకపోలేదనియే మేము తలంతుము. 1866లో బెర్నారు వ్యాధిగ్రస్తుడై యున్నపుడు ఆయన పరిశోధనలను శ్లాఘించుచు వ్యాసము వ్రాసినవా డీ పాశ్చరే గదా!

1895 సెప్టెంబరు 28వ తేదీన పాశ్చరు దివంగతు డయ్యెను. రెండేండ్లు గడవకమునుపే ఆయన సిద్ధాంతమునకు ఒక సవరణ వచ్చినది. 1897లో ఎడ్వర్డు బుఖ్నరు అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈస్టును ఇసుకతో నూరి, పిండి, వడబోసిన రసమున చక్కెర వేయగా, సజీవకణ మొక్కటియు లేకున్నను అది పులిసెను. కణమును గాక కణములోని ఎంజైములను కార్యకర్తలుగా గుర్తింపవలసి వచ్చెను. పచ్చిద్రాక్షలో ఈస్టు లేదన్న పాశ్చరు ప్రయోగము నిలిచినది. ప్రాణములేక సారాయము పుట్టదన్న మాట నిలువలేదు. బుఖ్నరునకు 1907లో నోబెలు బహుమాన మీయబడెను.

1861 నాటి ప్రశ్న మాత్రము మరి తొంబదియేండ్లకు పైగా వేచియుండి, అణుజీవశాస్త్రజ్ఞుల చేతికి వచ్చినది. ఈస్టరుద్వీపపు మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి తీసిన రాపమైసిన్ అను మందు ఈస్టు పెరుగుదలను నిలిపివేయును. 1991లో స్విట్జర్లాండునందలి బేసెలు నగరమున హైట్‌మన్, మొవ్వా, హాల్ అను మువ్వురు, ఆ మందునకు లొంగని ఈస్టులను వెదకి, టార్ అను పేరుగల రెండు జన్యువులను కనుగొనిరి. ఆహారము సమృద్ధిగా నున్నదా లేదా యని గ్రహించి, పెరుగుమనియో ఆగుమనియో కణమునకు తెలుపు యంత్రాంగమున టార్ ప్రధానాంగము. మానవకణములందును దానివంటిదే కలదు.