డాక్టరు జేమ్స్ మారియన్ సిమ్స్ (1813–1883)

మన వైద్యకళాశాలలలో స్త్రీల వ్యాధులను గూర్చి నేర్చుకొను ప్రతి విద్యార్థియు సిమ్స్ స్పెక్యులమ్ అను పరికరమును చేతపట్టును. ఆ పేరుగల వైద్యుడు 1813వ సంవత్సరమున అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రములో జన్మించెను. 1835లో ఫిలడెల్ఫియా నగరమున పట్టము పొంది స్వస్థలమున వైద్యము ప్రారంభించగా, మొదట వచ్చిన రోగులిద్దరును మరణించిరి. ఇద్దరును పసిబిడ్డలే. సిమ్స్ మనస్సు విరిగి, తన పేరుపలకను బావిలో పడవేసి, అలబామా రాష్ట్రమునకు తరలిపోయెను.

అచ్చట మాంట్‌గొమరీ పట్టణమున 1845లో ఆయనను ఒక కాన్పునకు పిలిచిరి. అనార్కా అను పదునేడేండ్ల బానిస యువతి మూడు దినములుగా నొప్పులు పడుచుండెను. సిమ్స్ పట్టుకారు వేసి శిశువును వెలుపలికి తీసెను. తల్లి బ్రతికెను గాని, కొలది దినములకే మలమూత్రములను ఆపుకొనలేని దుస్థితి ఆమెకు సంభవించెను.

కాన్పు దీర్ఘమైనప్పుడు శిశువు తల తల్లి కటి యెముకలపై అదిమిపట్టిన చోట రక్తము ప్రసరింపక, ఆ భాగము కుళ్ళి ఊడిపోవును. మూత్రాశయమునకును జననమార్గమునకును నడుమ రంధ్రమేర్పడి, మూత్రము రాత్రింబగళ్లు కారుచునే యుండును. వెనుకవైపున రంధ్రమేర్పడినచో మలమును అట్లే. అనార్కాకు ఈ రెండును కలిగెను. ఇట్టి స్త్రీ నలుగురిలో కూర్చుండలేదు. తన ఇంటివారికే పరాయిదగును. ఆనాటి వైద్యులు ఈ వ్యాధిని కుదురనిదని విడిచిపెట్టిరి. సకాలమున వైద్యమందని ఆఫ్రికా, దక్షిణాసియా పల్లెలలో నేటికిని ఇది యున్నది.

వంచిన చెంచాతో బెట్సీ అను మరియొక బానిస స్త్రీని పరీక్షించినప్పుడు, ఆ రంధ్రము సిమ్స్ కంటికి మొదటిసారి స్పష్టముగా కనబడెను. ఆ చెంచాయే తరువాత స్పెక్యులమ్ ఆయెను. కనబడినదానిని కుట్టవచ్చునని తలంచి, ఇట్టి బానిస స్త్రీలను యజమానులయొద్దనుండి తెచ్చి, తన పెరటిలోని చిన్న ఆసుపత్రిలో ఉంచుకొనెను. మొదట కత్తికి లోబడినది లూసీ. లోపల ఉంచిన స్పాంజివలన జ్వరము సోకి ఆమె మరణము అంచువరకు వెళ్లెను. పట్టుదారపు కుట్లు మాటిమాటికిని చీముపట్టి విడిపోయెను. తోటి వైద్యులు విసిగి రాక మానుకొనగా, ఆ స్త్రీలే ఒకరినొకరు పట్టుకొని శస్త్రచికిత్సకు సహాయపడిరి. అనార్కాకు జరిగిన శస్త్రచికిత్సలు ఇంచుమించు 30.

వీనిలో ఒక్కటైనను మత్తుమందుతో జరుగలేదు. 1845లో అట్టి మందు వాడుకలో లేదనుట నిజమే. అయితే 1846లో బోస్టను నగరమున ఈథరు ప్రయోగము జరిగి లోకమంతట తెలిసినను, సిమ్స్ దానిని వాడలేదు. శస్త్రచికిత్స ముగిసిన పిమ్మట మాత్రము నల్లమందు ఇచ్చెడివాడు.

1849లో ఆయన పట్టుదారమునకు మారుగా సన్నని వెండితీగను వాడెను. చీము పట్టలేదు, అనార్కా గాయము మానెను. 1852లో ఆయన ఈ పద్ధతిని ప్రచురించెను. 1855లో న్యూయార్కు నగరమున స్త్రీల ఆసుపత్రి వెలసెను. పిమ్మట ఐరోపాలో కీర్తి, అమెరికా వైద్యసంఘ అధ్యక్షపదవి, 1883లో మరణము, 1894లో కంచువిగ్రహము.

ఆ స్త్రీలే చికిత్సను కోరుకొనిరని సిమ్స్ వ్రాసెను. కోరియుండవచ్చును, అట్టి బాధలో ఎవరు కోరరు? అయితే కోరిక వేరు, సమ్మతి వేరు. గ్రంథములను ఒక భాషనుండి మరియొక భాషలోనికి తెచ్చువానికి ఇట్టి మాటలయొద్ద కలము ఆగును. వైద్యుని వ్రాతలో రోగిగానున్న స్త్రీ ఆ దేశపు చట్టములో ఆస్తిగా నుండెను. వలదనుటకు హక్కు లేనివారి ఔననుటను సమ్మతియని తర్జుమా చేయుటకు నాకు చేయి రాదు. ఆ కుట్టువలన ఎందరో తల్లులు బాగుపడిరి. ఆ సంగతియు కాదనరానిదే. బానిసత్వము చట్టబద్ధమైన కాలమున ఆయన జీవించెనని కొందరు ఆయనను సమర్థించుచున్నారు. ఆ కాలముననే బానిసత్వము పాపమని ఎలుగెత్తిన క్రైస్తవులు ఆయన దేశములోనే యుండిరి.

న్యూయార్కు సెంట్రల్ పార్కు ప్రక్కననున్న సిమ్స్ విగ్రహమును 2018 ఏప్రిలు నెలలో తొలగించిరి. 2021లో మాంట్‌గొమరీ పట్టణమున, పారవేసిన లోహపు వస్తువులను అతికి, అనార్కా, బెట్సీ, లూసీల నిలువెత్తును మించిన ప్రతిమలను నిలిపిరి.