కార్బెట్టుదొర చేతి తుపాకి



వేట తుపాకులను గూర్చి యొక వ్యాసము వ్రాయవలసినదని మన సంఘపు పెద్దలు కొందఱు కోరినప్పుడు మేము మొదట సంకోచించితిమి. ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో శబ్దమంజరియు రఘువంశమును చెప్పినవారమే కాని తుపాకి పట్టినవారము కాము. అయినను మా తరగతిలో పులికథలు చదివిన బాలురలో ఎవడో యొకడు ప్రతి సంవత్సరమును, ఎంత పెద్ద తుపాకియైన పులి యొక్క దెబ్బకు పడునని ప్రశ్నించుచునే యుండెను. ఈ ప్రశ్నకు తగిన సమాధానము తుపాకుల అంగడిలో గాక ఎడ్వర్డు జేమ్సు కార్బెట్టుదొర జీవితమున దొరకునని మాకు తోచినది. లోకులు జిమ్ కార్బెట్టు అని పిలుచునది ఆయననే.

ఆయన 1875 జూలై 25వ తేదీన హిమాలయ ప్రాంతమున నైనీతాలునందు జన్మించెను. తండ్రి అచ్చటి పోస్టుమాస్టరు, 1881లో మరణించెను. కుటుంబము పెద్దది, ఆదాయము చిన్నది. చలికాలమున వారు కొండ దిగి కాలాఢుంగీ గ్రామమున నివసించెడివారు. ఆ యింటి చేరువనే అడవి మొదలగుచుండెను. బాలునికి మొదట లభించిన తుపాకి, స్టీఫెన్ డీజు అను బంధువిచ్చిన జోడుగొట్టములది. గొట్టపు మూతినుండి మందు కూరి పేల్చునది. దాని కుడిగొట్టము పగిలియుండెను. విఱిగిన కొయ్యభాగమును ఇత్తడి తీగతో బిగించియుండిరి. ఒక్క గొట్టమే పనికివచ్చు తుపాకితో అడవికి బోవు బాలునకు రెండవ దెబ్బ యను ఆశ యుండదు గదా! గుఱి చూచుకొనక మీట నొక్కరాదను పాఠము ఆయనకు ఈ పగిలిన గొట్టమే నేర్పినదని మా యభిప్రాయము. తరువాత వలంటీరు దళమునుండి .450 బోరు మార్టినీ రైఫిలు చేతికి వచ్చెను. దానితో బాల్యమందే యొక చిఱుతపులిని చంపెను.

ఉద్యోగకాలమును శీఘ్రముగ దాటెదము. యౌవనమున రైల్వేలో చేరి, గంగాతీరమున మొకామా ఘాటునందు సరకులు ఒక బండినుండి వేఱొక బండికి మార్పించు కంట్రాక్టు పని ఇరువది యేండ్లకు పైగా చేసెను. 1917లో ఐదువందల మంది కుమావూను వారిని వెంటబెట్టుకొని ఫ్రాన్సు యుద్ధరంగమునకు పోయెను. వివాహము చేసికొనలేదు, సోదరి మాగీయే గృహమును నడపెను.

ఇక 1907వ సంవత్సరము. చంపావతు ప్రాంతమున నొక ఆడుపులి మనుష్యులను తినుచుండెను. నేపాళమున 200 మందిని చంపి, అచ్చటినుండి తఱుమబడి, కుమావూనులో మఱి 236 మందిని చంపినది. తహసీలుదారు 298 మందిని కూడగట్టి, కొండమీదినుండి కేకలతోను డప్పులతోను పులిని తోలించెను. కార్బెట్టు చేత తగ్గించిన కార్డైటు మందుతో పేల్చు .500 బోరు జోడుగొట్టముల రైఫిలుండెను, తూటాలు మూడే. మూడును కాల్చగా రెండు తగిలెను గాని పులి పడలేదు. ఒట్టి తుపాకిని వదలి, పరుగెత్తి, తహసీలుదారు చేతి పాత తుపాకిని తీసికొని వచ్చి ఇరువది యడుగుల దూరమున కాల్చెను. ఆ తుపాకి గొట్టమునకును వెనుక దిమ్మకును నడుమ సందు కనబడుచుండెనట! నోటికి గుఱిపెట్టిన ఆ గుండు పులి ముందుకాలికి తగిలినది. పులి యప్పటికే తొలి గాయములచేత ప్రాణావసాన స్థితిలో నుండుటచే పడిపోయెను.

పిమ్మట ఆ మృగమును పరీక్షింపగా, కుడివైపున మీది కోఱ సగమునకును, క్రింది కోఱ ఎముకవఱకును విఱిగియుండెను. పూర్వమెవడో కాల్చిన గుండు దెబ్బ యది. దానివలన సహజమైన ఆహారమును పట్టజాలక ఆ పులి మనుష్యులపై బడినదని కార్బెట్టు నిర్ణయించెను. చదువరులు ఇచ్చట నొక్క నిమిషము నిలువవలయును. ఎవరి తుపాకియో, ఎంత బోరో ఎవరికిని తెలియదు. వాడు గుఱి తప్పి, గాయపడిన మృగమును వెదకక ఇంటికి పోయియుండును. ఆ తప్పునకు వెల 436 మంది ప్రాణములు. తుపాకి యెన్నిక వేటగాని సొంత ముచ్చట యని తలచువారికి ఈ విఱిగిన కోఱలను చూపవలయును.

ఈ కార్యమునకు మెచ్చి సంయుక్త రాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూయెట్టు ఆయనకు రిగ్బీ వారి .275 బోరు రైఫిలును, వెండి రేకుపై విషయము చెక్కించి, బహూకరించెను. .275 అనగా అంగుళమును వేయి భాగములు చేసినచో 275 భాగముల వెడల్పు గల గొట్టము. జర్మనీ దేశపు మౌజరు వారి ఏడు మిల్లీమీటర్ల తూటాకు ఆంగ్లేయులు పెట్టిన పేరే యిది. ఈ పేళ్ళను చూచి మోసపోరాదు. ఆయన వాడిన రెండవ రైఫిలు .450/400 జోడుగొట్టములది; .450 తూటా గొట్టమును మెడయొద్ద సన్నముచేసి ఇంచుమించు .400 గుండును బిగించినందున ఆ జంట పేరు వచ్చినది. మన తులములలో చెప్పుదము: తులము 180 గ్రెయినులు. .275 గుండు ముప్పాతిక తులము మొదలు ఇంచుమించు తులము వఱకు తూగును; .450/400 గుండు రెండుంబాతిక తులములు. చిన్నది తేలిక, వడి హెచ్చు, భుజమును అంతగా తన్నదు. పెద్దది దగ్గఱనుండి మీదికి దూకు మృగమును ఆపగలది గాని, దానిని పేల్చు రైఫిలు పది పౌనుల బరువు. దినమంతయు కొండలెక్కువాని కది భారమే.

రెండింటిలో ఏది మేలు? కార్బెట్టు రెండింటిని ఉంచుకొనెను. దేని కాలము దానికున్నదని ఆయన జీవితమందలి రెండు సంఘటనలు చూపుచున్నవి.

మొదటిది 1930 ఏప్రిలు 11. చౌగఢు ప్రాంతమున అయిదేండ్లలో 64 మందిని చంపిన ఆడుపులి యుండెను. ముందటి సంవత్సరము దానిని దాని యెదిగిన పిల్లతోకూడ చూచి, మేనివన్నెను బట్టి తల్లి యనుకొని పిల్లను చంపెను. ఈ పొరపాటువలన తరువాతి పండ్రెండు నెలలలో పదునైదుగురు చచ్చిరని ఆయనయే ఒప్పుకొనెను. శబ్దవేధి యగు దశరథుడు ఏనుగనుకొని మునికుమారుని గొట్టిన కథ మనమెఱిగినదే. ఎంత మంచి బాణమైనను లక్ష్యమును నిర్ణయించుకొనని కన్నునకు సాయపడదు.

ఆ దినమున ఎండిన వాగులో దిగి పోవుచు, నేలపై గ్రుడ్లు పెట్టు ఒక రాత్రిపక్షి గ్రుడ్లు రెంటిని చూచి, సేకరణకై నాచులో చుట్టి ఎడమచేత పట్టుకొనెను. కుడిచేత .275 రైఫిలు. ఒక పెద్ద బండను దాటి, కుడిభుజముమీదుగా వెనుకకు చూడగా, ఎనిమిదడుగుల దూరమున ఆడుపులి ముందుకాళ్ళు చాచి పరుండి ఆయన ముఖమునే చూచుచుండెను. తటాలున తిరిగినచో దూకును. అందుచే ఆయన కదలికయే కనబడకుండునట్లు తుపాకి మూతిని ఎదురురొమ్ముమీదుగా ముప్పాతిక చుట్టు త్రిప్పి, చేయి పూర్తిగా చాచి, ఒంటిచేత కాల్చెను. గుండు గుండెకాయ పైభాగమును చీల్చి వెన్నెముకను పగులగొట్టెను. తాను బ్రతికిన కారణములు మూడని ఆయన తలచెను: గ్రుడ్లు చేతనుండుటచే రెండుచేతులతో తుపాకినెత్తి గిఱ్ఱున తిరుగకపోవుట, తుపాకి తేలికయగుట, పులి నరభక్షకి యగుట. రెండవదానిని గమనింపుడు. ఆ క్షణమున పది పౌనుల జోడుగొట్టము చేతనున్నచో అది అట్లు తిరుగునా? బలమైన తుపాకియే ప్రాణము తీసెడిది! గ్రుడ్లను మరల యథాస్థానమున నుంచి వచ్చెను.

రెండవది 1938 నవంబరు, ఠాకు గ్రామము. ప్రొద్దు క్రుంకుచుండగా ఒక సన్నని బండయంచున ఆనుకొని, తానే పులివలె కూసి నరభక్షకిని పిలిచెను. అది దగ్గఱకు వచ్చి తల యెత్తగా .450/400 రెండు గొట్టములను వెంటవెంట కాల్చెను. ఆ తాకిడికి తాను బండనుండి జాఱి క్రిందనున్న తన మనుష్యులపై పడెను. పులి యచ్చటనే చచ్చినది. చీకటి ముసురునప్పుడు క్రింద నలుగురి ప్రాణములు తన మొదటి దెబ్బపై నాధారపడియుండగా పెద్ద తుపాకిని తెచ్చుట ఉచితమే. చౌగఢున ప్రాణము నిలిపిన తుపాకి ఠాకున చాలకపోయి యుండవచ్చును.

మన వారు కేదార బదరీయాత్రకు పోవు త్రోవలో రుద్రప్రయాగ కలదు. ఆ త్రోవన 1918 మొదలు 1926 వఱకు 125 మందిని తినిన చిఱుతను కార్బెట్టు గోలాబ్రాయి యొద్ద మామిడిచెట్టుపై రాత్రులెన్నో కూర్చుండి 1926 మే నెలలో .275తోనే చంపెను. దీపపు వెలుగు క్షణమాత్రము. గుండు వెడలునప్పటికి అదియు ఆఱిపోయెను. చిఱుత మేను పులి మేనంత గట్టిది కాదు. రాత్రి నిలుకడగా గుఱిచూచుటకు తేలిక తుపాకియే అనుకూలము. కావున ఇదియు సరియైన యెన్నికయే.

ఆఫ్రికాలో వాల్టరు బెల్లు అను వేటగాడు ఇదే జాతి ఏడు మిల్లీమీటర్ల తూటాతో ఏనుగులనేకములను కూల్చినాడని చెప్పి, చిన్న బోరే చాలునని వాదించువారు గలరు. బెల్లు ఏనుగు తలయెముకల పొందికను కోసి చూచి నేర్చినవాడు. ఆ విద్య లేనివాడు ఆ తుపాకిని పట్టుట, వ్యాకరణము రానివాడు భాష్యమునకు వ్యాఖ్య వ్రాయబూనుట వంటిది. అప్పటి చిత్తూరు మండలపు మామండూరు, చామల అడవులలో తిరిగిన బెంగుళూరు వాసి కెన్నెత్ ఆండర్సను .405 వించెస్టరునే విడువక వాడెను. అదియు చేతికి అలవడిన ఆయుధమగుటచేతనే గాని, ఆ యంకెయందు మహిమ యుండుటచే గాదని మా తలంపు.

నరభక్షకములను చంపుటకు కార్బెట్టు ప్రతిఫలమును గైకొనలేదు; తాను పోవుటకు ముందు బహుమాన ప్రకటనలను రద్దుచేయవలెననియు, ఇతర వేటగాండ్రను మరలింపవలెననియు కోరుచుండెను. పిమ్మట తుపాకికంటె ఛాయాచిత్ర యంత్రమునందే ఆయనకు మక్కువ హెచ్చెను. 1936లో ఏర్పడిన హెయిలీ వనమునకు ఆయన తోడ్పాటు గలదు. అది తరువాత ఆయన పేరనే ప్రసిద్ధమయ్యెను. 1944లో కుమావూను నరభక్షకుల గ్రంథము వెలువడి దేశదేశముల చదువబడెను. 1947లో సోదరితో కెన్యాకు వెడలి, న్యేరియందు 1955 ఏప్రిలు 19వ తేదీన పరమపదించెను. మన దేశమున 1972 నాటి చట్టముచేత వేట నిషిద్ధమైనది. నరభక్షకి యగు మృగమును గూడ అధికారి వ్రాతపూర్వకమగు ఉత్తరువు లేక చంపరాదు.

ఆ .275 రైఫిలు ఆయన అనంతరము ఆయన గ్రంథములను ప్రకటించిన ఆక్స్ఫర్డు ముద్రణాలయము వారికి చేరి, పిమ్మట దానిని చేసిన రిగ్బీ వారి యొద్దకే తిరిగి వచ్చినది. చంపావతు పేరు చెక్కిన వెండి రేకు ఇప్పటికిని దానిపై నున్నది.