బాబుకోడి నుంచి బహావల్పూర్ హౌస్‌కు

ఢిల్లీలో మండీ హౌస్ కూడలి మీదుగా పోయినప్పుడల్లా నా చూపు బహావల్పూర్ హౌస్ వైపు మళ్లుతుంది. జాతీయ నాటక పాఠశాల ఉన్నది అక్కడే. రాజధానిలో ‘జాతీయ’ అన్న విశేషణం తగిలించుకున్న సంస్థలకు కొదువ లేదు. ఆ విశేషణానికి అర్థమేమిటని తమను తాము ప్రశ్నించుకున్న అధిపతులు మాత్రం అరుదు. 2002 సెప్టెంబరు 1న బెంగళూరులో కన్నుమూసిన బి.వి. కారంత్ ఆ అరుదైనవారిలో ఒకరు.

బాబుకోడి వెంకటరమణ కారంత్ 1929లో దక్షిణ కన్నడ ప్రాంతపు పల్లెలో జన్మించారు. బడిలో వేసిన వేషం తలకెక్కి, చిన్ననాడే ఇల్లు విడిచి పారిపోయి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరారు. తరువాత కన్నడ వెండితెరను ఏలిన రాజ్‌కుమార్ కూడా ఆ కంపెనీలో పనిచేసినవారే. మన సురభి వంటిది అంటే తెలుగు పాఠకులకు సులువుగా బోధపడుతుంది. కుర్రవాడి చురుకును కనిపెట్టిన వీరణ్ణ అతనిని కాశీకి పంపించారు. అక్కడ హిందూ విశ్వవిద్యాలయంలో హిందీ ఎం.ఏ., ఓంకారనాథ్ ఠాకూర్ వద్ద హిందుస్తానీ సంగీతం. ఇల్లు విడిచి వచ్చిన పిల్లవాడికి ఒక నాటక కంపెనీ యజమాని విశ్వవిద్యాలయ విద్య చెప్పించడం మన విద్యాశాఖలవారు తెలుసుకోదగిన ఉదంతమే.

కాశీ తరువాత ఢిల్లీ. 1960ల తొలినాళ్లలో నాటక పాఠశాలలో విద్యార్థి. ఆ దశకం చివర సర్దార్ పటేల్ విద్యాలయలో పిల్లలకు నాటకం నేర్పే పంతులు. పిల్లలతో పని ఆయనకు కాలక్షేపం కాదు. పంజరంలోని చిలుకకు చదువు చెప్పే ఠాగూర్ కథను కన్నడంలో పిల్లల నాటకంగా మలచిన ఉపాధ్యాయుడికి చదువు గురించి ఏమి అభిప్రాయం ఉండేదో వేరే చెప్పనక్కరలేదు.

1970లలో బెంగళూరు చేరి గిరీశ్ కర్నాడ్ ‘హయవదన’, చంద్రశేఖర కంబార ‘జోకుమారస్వామి’ ఆడించారు. చదువుకున్నవారి నాటకం నుంచి వెలి అయిన పాట మళ్లీ వేదిక ఎక్కింది. రాయీ, కర్రా, రేకు డబ్బా ఆయన చేతిలో వాద్యాలయ్యేవి. సెంటు భూమి కోసం పరితపించిన దళితుని కథ ‘చోమన దుడి’ని చలనచిత్రంగా తీస్తే, 1975 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా స్వర్ణ కమలం లభించింది.

అత్యవసర పరిస్థితి ముగిసిన 1977లోనే ఆయన జాతీయ పాఠశాలకు అధిపతిగా వచ్చారు. అంతకుముందు పదిహేనేళ్లు దానిని నడిపిన ఇబ్రహీం అల్కాజీ క్రమశిక్షణను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పునాది లేనిదే కారంత్‌కు నిలబడే చోటు ఉండేది కాదు. అయితే పునాది మీద ఎవరి ఇల్లు కట్టాలన్న ప్రశ్న మిగిలింది. 1979లో ఆయన ‘మాక్బెత్’ను ‘బర్నమ్ వన్’ పేరుతో ఆడించారు. అనువాదకుడు మన వృత్తిలోవాడే: ‘దినమాన్’ సంపాదకుడు, కవి రఘువీర్ సహాయ్. భాష హిందీ, కథ స్కాట్లండుది, నడక యక్షగానానిది. తన తీరప్రాంతపు పల్లెల నాటకాన్ని కారంత్ రాజధానికి జానపద ప్రదర్శనగా తీసుకురాలేదు, పాఠంగా తీసుకువచ్చారు. ఈ తేడా ఢిల్లీకి ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదనే నా అనుమానం. పాఠశాల గోడలు దాటి దూరప్రాంతాలలో శిబిరాలు పెట్టడం కూడా ఆ ఆలోచనలో భాగమే.

1981లో అధిపతి పదవి వదలి, భోపాల్‌లో భారత్ భవన్ రంగమండలిని చేపట్టి మాళవీ, బుందేలీ, ఛత్తీస్‌గఢీ మాటలతో నాటకాలాడించారు. 1986లో అంతా తలకిందులైంది. రంగమండలి నటి ఒకరు తీవ్రమైన కాలిన గాయాలతో ఆసుపత్రి పాలయ్యారు. కారంత్‌ను పోలీసులు అరెస్టు చేశారు. ఆయన జైలులో గడిపారు, శిక్ష మాత్రం పడలేదు. అభిమానులు ఈ అధ్యాయాన్ని దాటవేస్తుంటారు. గాయపడిన మనిషి ఒకరున్నారు కనుక అది సబబు కాదని నేననుకుంటాను. భోపాల్ ప్రయోగానికీ అది గొడ్డలిపెట్టయింది.

అరవై ఏళ్ల వయసులో మళ్లీ మొదలు. 1989లో కర్ణాటక ప్రభుత్వం మైసూరులో నెలకొల్పిన ‘రంగాయణ’కు తొలి సారథి ఆయనే. ఇంతలో సినిమా, టెలివిజన్ ధాటికి కుంగిపోయిన సురభి కళాకారుల వద్దకు 1990లలో వచ్చారు. పద్యానికీ, తెరల మాయకూ అలవాటుపడినవారితో బ్రెహ్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా ఆడించారు. వారి తెరలను ఆయన చిన్నచూపు చూడలేదు. చూడగలిగేవారు కూడా కాదు. కంపెనీ డేరా కింద పెరిగిన కుర్రవాడు అర్ధ శతాబ్దం తరువాత మరొక డేరాలో కాలుపెట్టాడు, అంతే.